ధాన్యపరీక్ష ఎవరికొఱకు?

విదేశమునకు ఎగుమతియగు బియ్యమునకు నేడు జరుగుచున్న పరీక్ష, స్వదేశమున పేదవాని విస్తరిలో వడ్డింపబడు అన్నమునకు అంత శ్రద్ధతో జరుగుటలేదు. కొనువాడు గట్టిగా అడిగినచోట పరీక్ష ఏర్పడినది. అడుగలేనివాడు తినుచోట అది నామమాత్రముగ నిలిచినది. ఈ భేదమునకు ఇంతకుమించిన కారణము మాకు గోచరించుటలేదు.

బూజుపట్టిన ధాన్యము ఎంత కీడుచేయగలదో మనకు తెలియక కాదు. 1974వ సంవత్సరాంతమున రాజస్థానమందలి బాన్స్‌వాడా, గుజరాతునందలి పంచమహల్ జిల్లాల పల్లెలలో కామెర్లు, జలోదరము ప్రబలినవి. అకాలవర్షములకు తడిసి చెడిన మొక్కజొన్నను గత్యంతరములేక భుజించిన నిరుపేద కుటుంబములే ఆ వ్యాధికి గురియైనవి. ఆ యిండ్ల కుక్కలును అట్లే చచ్చినవి. రోగులుగ లెక్కకువచ్చిన 397 మందిలో 106 మంది మరణించిరి. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి ప్రభృతులు ఆ ధాన్యమును పరీక్షించి, బూజునుండి పుట్టు అఫ్లటాక్సిన్ అను విషమే దీనికి హేతువని 1975లో ప్రకటించిరి. ఇరువదియేండ్ల పిమ్మట, 1995లో, దక్కను పీఠభూమియందలి 27 గ్రామములలో వానకు తడిసి బూజుపట్టిన జొన్నలు, మొక్కజొన్నలు తినినవారు కడుపునొప్పితోను, విరేచనములతోను బాధపడిరి. ఈమారు ఫ్యూమోనిసిన్ అను మరియొక విషము బయటపడినది. రెండుమారులును ప్రయోగశాల సత్యమునే చెప్పినది. కాని ప్రజలు తినిన పిమ్మట చెప్పినది.

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టిచూచిన చాలునని మనవారందురు. ఈ విషము విషయమున ఆ న్యాయము చెల్లదు. బస్తాలో ఒకమూల చేరిన తడి అచ్చటి కొన్ని గింజలనే విషపూరితము చేయవచ్చును; ప్రక్కనున్నవి నిర్దోషములై యుండవచ్చును. కావున రాశిలో పలుతావులనుండి గింజలు తీసి, కలిపి, పిండిచేసి, అందుండి పరీక్షాభాగమును గ్రహింపవలెను. పిడికెడు గింజలపై ఆధారపడిన నివేదిక ఎంత విలువగల యంత్రముచే సిద్ధమైనను విశ్వసింపదగినది కాదు. కంటిచూపు అసలే చాలదు. పైకి కానవచ్చు బూజును కడిగివేసినను లోని విషము నిలిచియుండును. వండినను పూర్తిగ నశింపదు.

చట్టము లేదా యందురేని, ఉన్నది. 2006వ సంవత్సరపు ఆహారభద్రత, ప్రమాణముల చట్టముక్రింద ఏర్పడిన నిబంధనలనుబట్టి ధాన్యములందు అఫ్లటాక్సినులు మొత్తముమీద కిలోకు 15 మైక్రోగ్రాములకు మించరాదు. రుసుము చెల్లించి ఏ కొనుగోలుదారుడైనను తాను కొనిన వస్తువును ప్రభుత్వ విశ్లేషకునిచే పరీక్షింపజేసికొనవచ్చును. దోషము తేలినచో ఆ రుసుము తిరిగి పొందవచ్చును. విశ్లేషకుడు 14 దినములలో నివేదిక నీయవలెను. హక్కు మంచిదే. కాని చౌకధరల దుకాణమునుండి మనిషికి నెలకు ఐదుకిలోల చొప్పున ధాన్యము తెచ్చుకొను కూలివాడు, రుసుము చెల్లించి, నివేదిక వచ్చువరకు పొయ్యి రాజేయక కూర్చుండునా? రైతునకును, పొలముమీది పంటకును ఈ చట్టము వర్తింపదని 18వ సెక్షను చెప్పుచున్నది. అది న్యాయమే, వానకు తడిసిన రైతును న్యాయస్థానమునకు ఈడ్చుట పరిష్కారము కాజాలదు. అయితే ధాన్యము కళ్లము విడిచినది మొదలు వంటయింటికి చేరువరకు గల మార్గమున పరీక్షాభారమును వహించువారెవరు?

అడిగినచో ఏమగునో బాస్మతి చరిత్ర చెప్పుచున్నది. వరియందు అగ్గితెగులు నివారణకై చల్లు ట్రైసైక్లజోల్ అను మందు అవశేషమునకు ఐరోపా సమాఖ్య కిలోకు 1 మిల్లీగ్రాముగనున్న పరిమితిని 0.01 మిల్లీగ్రామునకు తగ్గించి, 2018 ఆరంభమునుండి బాస్మతికిని అమలుపరచినది. వర్తకులు మేల్కాంచిరి, ప్రయోగశాలలకు పని పెరిగినది, పంజాబు ప్రభుత్వము 2022లో ఆ మందుతోపాటు మొత్తము పది మందుల అమ్మకమును తాత్కాలికముగ నిషేధించినది. విదేశీయుడు అడిగిన ప్రశ్నకు మన పొలములు సమాధానము చెప్పినవి. స్వదేశీయుని తరపున అట్టి ప్రశ్న వేయవలసినది మన ప్రభుత్వములే కదా!

ఇంతటి దేశమున ప్రతిబస్తాను పరీక్షించుట సాధ్యమా యని కొందరాక్షేపింతురు. ప్రతిబస్తాను పరీక్షింపుమని మేము కోరుటలేదు. ఏ మండలమున కోతవేళ వాన కురిసెనో ఆ మండలపు ధాన్యమును గిడ్డంగికి చేర్చుటకు పూర్వమే పరీక్షింపుడని కోరుచున్నాము. అందుకు ఎలైసా అను సులభపద్ధతి గలదు. పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ సంస్థయే అఫ్లటాక్సిన్ పరీక్షకు చౌకయైన ఎలైసా సాధనమును రూపొందించినది. అంతకంటెను ముఖ్యమైనది ఆరబెట్టుట. తేమ తగ్గిన గింజపై బూజు పెరుగదు. 17 శాతమునకు మించిన తేమగల వడ్లను ప్రభుత్వ కొనుగోలు నిబంధనలు అంగీకరింపవు. అంకె సరియైనదే, కాని ఆరబెట్టు యంత్రముగాని, చాలినన్ని పట్టాలుగాని సమకూర్పక తేమను మాత్రము కొలిచినచో, ఆ కొలత తినువానిని రక్షింపదు, పండించువాని ధరను మాత్రము తగ్గించును.

భూస్వాములు తమ గాదెలలోని గింజలను గూర్చి వహించు జాగ్రత్తను కూలికి కొలుచు గింజలయెడను వహింపవలెను. తడిసిన రాశిని వేరుచేసి కూలివారికి కొలుచుట పొదుపు కాదు, పాపము. పురజనులు తమ పట్టణమున ధాన్యపరీక్ష జరుగు ప్రయోగశాల యెక్కడనున్నదో, కడచిన సంవత్సరము ఎన్ని పరీక్షలు జరిగెనో పురపాలక సభ్యులను అడుగవలెను. శాసనసభ్యులు చౌకధాన్యపు పరీక్షాఫలితములను జిల్లావారీగ ప్రకటింపుడని ప్రభుత్వమును కోరవలెను. 2013వ సంవత్సరపు ఆహారభద్రతా శాసనము జనులలో మూడింట రెండువంతుల మందికి ధాన్యమును హక్కుగ నిచ్చినది. అది విషరహితమైనప్పుడే ఆ హక్కు సార్థకము.