పెట్టెమీఁది పేరు

బిడ్డకు విరేచనములు పట్టినపుడు పలాసలోనైనను టెక్కలిలోనైనను మందులంగడిలో మన మడుగునది ఓ.ఆర్.ఎస్. దేశమంతట ఆ మూఁడక్షరములే ముద్రించుకొని తీయని పానీయముల పెట్టెలును అమ్ముడుపోయినవి. పైని పండ్ల బొమ్మ. ఆ పండు లోపల నెంత యున్నదో దేవుని కెఱుక! బొమ్మకు బిడ్డయు, పేరునకు తల్లియు లోఁబడిరి. అధికమైన చక్కెర విరేచనములను హెచ్చించును. మూత్రపిండముల వ్యాధితో చిరకాలముగ బాధపడుచున్న మన యుద్దానమున దేహములో నీరు తగ్గుట చిన్నమాట కాదు.

హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజనీ సంతోష్ గారు ఎనిమిదేండ్లు పోరాడిరి. 2025 అక్టోబరులో భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ అట్టి పానీయములపై ఆ పేరు కూడదనెను.

ప్రపంచారోగ్యసంస్థ లెక్కప్రకారము లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. పొడి సంచి వెనుక నీ యంకెలు చూచి, చెప్పినంత నీటిలోనే కలుపుఁడు. రుచికై చక్కెర చేర్పకుఁడు.