మెడ రక్తనాళాల ఎమ్మారై త్వరగా అయిపోతే నమ్మవచ్చా?

"సిస్టరమ్మా, ఇంత త్వరగా అయిపోయింది, స్కానింగ్ సరిగ్గానే తీశారంటారా?" అని ఎమ్మారై గది బయట బంధువులు మా నర్సులను అడుగుతుంటారు. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు.

మెడకు ఇరువైపులా ఉండే కెరోటిడ్ ధమనుల గుండా మెదడుకు రక్తం వెళుతుంది. బి.పి., షుగరు, పొగత్రాగే అలవాటు, కొలెస్టరాల్ వలన వీటిలో కొవ్వు పేరుకొని దారి సన్నబడుతుంది. అక్కడి నుండి గడ్డ కదిలి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది.

దారి ఎంత మూసుకుపోయింది అన్న కొలతను బట్టే ఆపరేషను నిర్ణయం ఉంటుంది. ఉత్తర అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 1991లో వెలువడ్డాయి. పక్షవాత లక్షణాలు కనిపించి, 70 శాతం లేదా అంతకు మించి సన్నబడినవారిలో మందులు మాత్రమే వాడినప్పుడు రెండేళ్లలో 26 శాతం మందికి ఆ వైపు మెదడుకు దెబ్బ తగిలింది. ఆపరేషను చేయించుకున్నవారిలో అది 9 శాతమే. 50 శాతం లోపు ఉన్నవారికి ఆపరేషను వలన మేలు లేదని 1998లో తేలింది. ఆపరేషను వలన కూడా కొందరికి పక్షవాతం రావచ్చు గనుక, కొలత తప్పితే అవసరం లేనివారికి కోత పడుతుంది, అవసరమైనవారు మిగిలిపోతారు.

ఇంజెక్షను లేకుండా రక్త ప్రవాహాన్ని బట్టి తీసే పాత పద్ధతికి చాలా నిమిషాలు పడుతుంది. అంతసేపు రోగి గుటక వేసినా, దగ్గినా బొమ్మ చెదురుతుంది. పైగా సన్నబడిన చోట రక్తం సుడులు తిరగడం వలన ఉన్నదానికన్నా ఎక్కువ మూసుకుపోయినట్లు కనిపిస్తుంది. కాంట్రాస్ట్ ఇంజెక్షను ఇచ్చి తీసే పద్ధతిలో ఒక్క నిమిషంలోపే బొమ్మ వస్తుంది. కాబట్టి నిదానంగా తీసినదే నమ్మదగినదని అనుకోనక్కరలేదు.

అయితే వేగానికి ఒక ధర ఉంది. 1999 నుండి, మరల 2007 తరువాత వచ్చిన పద్ధతులు తక్కువ సమాచారం సేకరించి, మిగిలినదాన్ని కంప్యూటరు లెక్కతో పూరిస్తాయి. ఇటీవల ఆ పని కృత్రిమ మేధకు కూడా అప్పగిస్తున్నారు. ఇలాంటి కొన్ని పద్ధతులలో చిన్న చిన్న తేడాలు బొమ్మలో కనిపించకుండా పోవచ్చునని 2020లో ఒక పరిశోధన చూపింది. అది మెడ రక్తనాళాలపై చేసినది కాదు. కానీ కొద్ది మిల్లీమీటర్ల దారిని కొలిచేటప్పుడు ఆ హెచ్చరికను మరువరాదు.

మా అభిప్రాయం ఇది. వేగవంతమైన ఎమ్మారైని ఆహ్వానించాలి. కానీ ఆ ఒక్క బొమ్మను చూసి కత్తి పట్టరాదు. డాప్లర్ స్కానింగ్ గాని, సి.టి. యాంజియోగ్రామ్ గాని చేసి, రెండూ ఒకే మాట చెబితే ముందుకు వెళ్లాలి. రెండవ పరీక్ష ఖర్చు అని కొందరంటారు. డాప్లర్ ఖర్చు ఎమ్మారైతో పోలిస్తే చాలా తక్కువ. ఆలస్యమవుతుందని మరికొందరంటారు. లక్షణాలు కనిపించిన రెండు వారాలలో చేసే ఆపరేషను వలన ఎక్కువ మేలు గనుక ఆ మాట నిజమే. అందుకే రెండవ పరీక్ష వాయిదా వేయక, వీలైతే అదే రోజున చేయించాలి.

ఇందులో నర్సుల వంతు కూడా ఉంది. పేస్‌మేకర్, శరీరంలోని లోహపు ముక్కల గురించి ముందే అడగాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి కాంట్రాస్ట్ ఇచ్చే ముందు క్రియాటినిన్ రిపోర్టు చూడాలి. బొమ్మ తీసేటప్పుడు గుటక వేయవద్దని రోగికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. భయపడిన రోగి కదలక మానడు.

పాఠకులకు ఒక మనవి. మూతి వంకర పోవడం, చేయి పట్టు తప్పడం, మాట తడబడడం కొద్ది నిమిషాల్లో తగ్గిపోయినా ఇంట్లో ఊరకుండవద్దు. వెంటనే ఆసుపత్రికి రండి. ఆపరేషను అని చెప్పినప్పుడు "రెండు పరీక్షలూ సరిపోలాయా?" అని డాక్టరుగారిని నిస్సంకోచంగా అడగండి.