జీరో అంటే ఏమీ లేదని కాదు

మామోగ్రాం రిపోర్టును ఒక డాక్టరు మరో డాక్టరు కోసం ఇంగ్లీషులో రాస్తారు. కౌంటర్ దగ్గర అది భర్త చేతికో కొడుకు చేతికో వెళ్తుంది. రెండు పలకల మధ్య రొమ్ము నొక్కించుకున్న మనిషికి చివరికి దక్కేది 'ఏదో తేడా ఉందట' అన్న ఒక్క ముక్క. దీన్ని ఆమె నిరక్షరాస్యత ఖాతాలో వేయడం మన వైద్య వ్యవస్థకు అలవాటు. నా పరిశోధనలో మాట్లాడిన కాలేజీ లెక్చరర్లకు కూడా ఆ కాగితం అర్థం కాలేదు.

రిపోర్టు చివర 'బైరాడ్స్' అని ఒక అంకె ఉంటుంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 1993లో తెచ్చిన పద్ధతి ఇది, మన సెంటర్లూ వాడుతున్నాయి. 1, 2 వస్తే క్యాన్సర్ అనుమానం లేనట్టే. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి 2కి మించదు. సాధారణంగా ఆరు నెలలకు మళ్ళీ తీసి చూస్తారు. 4కి బయాప్సీ కావాలి. అయితే ఈ ఒక్క అంకెలో నూటికి 2 మొదలు 95 దాకా అనుమానం ఇమిడి ఉంది. అందుకే 4ఎ, 4బి, 4సి అని విడగొట్టారు. 4ఎ వచ్చినామె, 4సి వచ్చినామె ఒకే రకంగా వణికిపోవలసిన పని లేదు. 5 అంటే 95, ఆపైన. 6 అప్పటికే బయాప్సీలో తేలినవారికి.

ఇక 0. నాకు తెలిసిన ఒకామెకు ఇదే వచ్చింది. "జీరో అమ్మా, ఏమీ లేదు" అన్నాడు కొడుకు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. నిజానికి 0 అంటే పరీక్ష పూర్తి కాలేదని. మరో కోణంలో తీసో, అల్ట్రాసౌండ్ చేసో, పాత ఫిల్ములతో పోల్చో చూడాలని. ఆ మాట ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. ఏడాది తిరిగేసరికి గడ్డ చేతికి తగిలింది. కొడుకును ఏమనగలం?

రెండో వైపూ ఉంది. 3 వచ్చినామెతో 'ఎందుకైనా మంచిది, తీసేద్దాం' అనేవాళ్ళు. గర్భసంచుల విషయంలో మన జిల్లాల్లో ఈ మాట ఎన్నిసార్లు వినలేదు!

ఆడవాళ్ళు భయపడతారని చెప్పడం లేదంటారు డాక్టర్లు. అమెరికాలో మామూలు భాషలో రాసిన ఫలితం 30 రోజుల్లోగా ఆ స్త్రీకే పంపాలని 1999 నుండి నిబంధన ఉంది. అక్కడి స్త్రీలేమీ భయంతో చచ్చిపోలేదు. మన దగ్గర, అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి. అర్థమయ్యేలా ఇవ్వాలని మాత్రం కాదు. 30 నుండి 65 ఏళ్ళ స్త్రీల రొమ్ములను అయిదేళ్ళకోసారి పరీక్షించాలని 2016లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. ఏఎన్‌ఎం అనుమానించి పై ఆసుపత్రికి పంపితే, తిరిగొచ్చే రిపోర్టు చదివి చెప్పేదెవరు?

మనం అడగవలసింది అరపేజీ తెలుగు కాగితం. అంకె, దాని అర్థం, తర్వాత ఏం చేయాలి, ఏ తేదీలోగా. అది ముందు ఆమె చేతికే ఇవ్వాలి. ఖర్చంటారా? ఫిల్ము కవరు మీద సెంటర్ పేరు మూడు రంగుల్లో అచ్చు వేయించేవాళ్ళకు ఈ ఖర్చొక లెక్కా?