స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు ఇవ్వొద్దు



నేను తెనాలి దగ్గర ఒక డిగ్రీ కళాశాలలో కామర్స్ చెబుతాను. ఏటా వేసవి సెలవులు అయ్యాక ఇంటర్న్‌షిప్ లాగ్‌బుక్కులు నా బల్ల మీదికి వస్తాయి. ఏ రోజు పని ఆ రోజు రాయాల్సిన పుస్తకాలవి. చాలావాటిలో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకటే పెన్ను, ఒక్క కొట్టివేతా కనపడదు. ఒక్క రాత్రి కూర్చుని నింపినవని చూడగానే తెలుస్తుంది. చివర్లో డబ్బు కట్టి తెచ్చుకున్న సర్టిఫికెట్ అతికించి ఉంటుంది.

కిందటేడు ఒక అమ్మాయి పుస్తకం మాత్రం వేరు. విజయవాడలో ఇళ్లకు కూరగాయలు చేర్చే చిన్న స్టార్టప్‌లో రెండు నెలలు పనిచేసింది. టీ మరకలు, కొట్టేసి మళ్లీ వేసిన కూడికలు, ఒకచోట 'జీఎస్టీ బిల్లు ఈరోజు నాలుగుసార్లు సరిచేశాను' అన్న మాట. క్లాసులో నేను బోర్డు మీద ఎంత రాసినా అంత బాగా ఒంటబట్టదు. కానీ ఆ సంస్థ ఆమెకు ఒక్క రూపాయి ఇవ్వలేదు. హాస్టలుకు నెలకు అయిదున్నర వేలు వాళ్ల నాన్న అప్పు తెచ్చి కట్టాడు. అదే చోట అవకాశం వచ్చిన ఇంకో ఇద్దరిని ఇంట్లో పంపలేకపోయారు. తర్వాత సర్టిఫికెట్లు కొనుక్కున్నది వాళ్లే. వాళ్లను మందలించడానికి నాకు నోరు రాలేదు.

మన రాష్ట్రంలో 2020-21లో డిగ్రీ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్ చేర్చారు. మంచి నిర్ణయమే. పని తప్పనిసరి అయింది గానీ పైకం కాలేదు.

'నేర్పుతున్నాం కదా, డబ్బులెందుకు?' అంటారు స్టార్టప్‌ల వాళ్లు. మొదటి వారం వరకు ఒప్పుకుంటాను. రెండో వారం నుంచి బిల్లులన్నీ ఆ అమ్మాయే చూసింది. ఆమె రాకపోతే ఇంకొకరిని జీతానికి పెట్టుకోవాల్సిందే.

'మా దగ్గర లేవండీ' అనేవాళ్ల మాట నేను నమ్ముతాను. ప్రభుత్వం చెయ్యి కలపాల్సింది అక్కడే. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం 2024లో మొదలైనప్పుడు నెలకు 5,000 రూపాయలకు గాను 4,500 కేంద్రమే ఇచ్చేలా పెట్టారు. అయితే అది 500 పెద్ద కంపెనీల కోసం. పైగా రోజూ కాలేజీకి వచ్చి చదువుకునేవాళ్లు అర్హులు కారన్నారు. అప్రెంటిస్‌ల విషయంలో స్టైపెండ్‌లో సగం దాకా, ఒక పరిమితికి లోబడి, కేంద్రం భరించే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. చిన్న స్టార్టప్‌లలో పనిచేసే డిగ్రీ విద్యార్థులకు రాష్ట్రం అలాంటిదే పెట్టాలి.

విశ్వవిద్యాలయాలను నేను అడిగేది ఇంకొకటి ఉంది. విద్యార్థి బ్యాంకు ఖాతాలో స్టైపెండ్ పడినట్టు చూపితేనే క్రెడిట్లు ఇవ్వండి. లాగ్‌బుక్‌లో దానికో పేజీ చేర్చండి. పిల్లల దగ్గర డబ్బు తీసుకుని సర్టిఫికెట్లు అమ్మేవాళ్లకు నెలనెలా తామే ఎదురు డబ్బు పంపాల్సి వస్తే ఆ వ్యాపారం గిట్టదు. వచ్చే వేసవిలోపే ఇది చేయొచ్చు. లాగ్‌బుక్కులు ఇంకా అచ్చుకు వెళ్లలేదు.

ఇట్లు,
ఒక కామర్స్ అధ్యాపకురాలు,
తెనాలి