తల్లిని చూపించరేం?
తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను తీసుకోమన్నారు పెద్దలు. సంతలో ఎద్దు పళ్లు లెక్కపెట్టి, సుడులు చూసి, నాలుగడుగులు నడిపించి గానీ బయానా ఇవ్వని వాళ్ల మనవలమే, పర్షియన్ పిల్లి దగ్గరికి వచ్చేసరికి వాట్సాప్ ఫొటో చూసి డబ్బు పంపేస్తున్నాం. మా పక్క ఫ్లాట్‌వాళ్లు అలాగే కొన్నారు. అమ్మినవాడు ఇంటికి రానివ్వలేదు. మెట్రో స్టేషన్ కింద నిలబడి షూ డబ్బాలోంచి తీసి చేతిలో పెట్టాడు. రెండు నెలలన్నాడు గానీ ఆ కూన ఇంకా వేలు చీకుతోంది, కళ్లనిండా పుసులు. తల్లి ఏదంటే ‘ఊళ్లో ఉందండీ’ అన్నాడట. నన్నడిగితే బేరం అక్కడే ఆపేయాలి. పర్షియన్లలో మూత్రపిండాల్లో నీటితిత్తులు పెరిగే వంశపారంపర్య జబ్బు ఒకటుంది, పీకేడీ అంటారు. తల్లిదండ్రుల్లో ఒక్కదానికి ఉన్నా ప్రతి కూనకూ సగానికి సగం అవకాశం. బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి పంపితే డీఎన్‌ఏ పరీక్షలో తేలిపోతుంది. బాధ్యతగల పెంపకందారు ఆ కాగితం అడక్కముందే చూపిస్తాడు, 12 వారాలు నిండనిదే కూనను తల్లి నుంచి విడదీయడు, పైగా మనల్నే ప్రశ్నలతో చంపుతాడు: బాల్కనీకి వల ఉందా, ఊరెళ్తే ఎవరు చూస్తారు, రోజూ జుట్టు దువ్వే ఓపికుందా అని. (పెళ్లిచూపుల్లో మా మామగారు కూడా ఇన్ని అడగలేదు.) అలాంటివాడు ధర ఎక్కువే చెబుతాడు, నెలల తరబడి ఆగమంటాడు. ఆగండి. పక్కింటి కూనకు ఇప్పుడు వారానికి రెండుసార్లు డాక్టరు. కొన్న ధరను ఆ బిల్లులు ఎప్పుడో దాటేశాయి.