బండికీ తప్పొప్పుల పట్టిక

పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక కనబడితే ఆ ప్రచురణకర్తపై నాకు గౌరవం పెరుగుతుంది. పొరపాటు దొర్లడం సహజం, ఒప్పుకోవడం సంస్కారం. వాహనాల రీకాల్ కూడా అటువంటిదే.

కిందటేడు మా అల్లుడు పాత కారు కొన్నాడు. గతుకులు వస్తే ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు. మెకానిక్కు రోడ్లను తిట్టి ఊరుకున్నాడు. చివరికి ఛాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైటులో వెదికితే, సస్పెన్షన్‌లోని ఒక భాగానికి రీకాల్ ఉన్నదని తేలింది. అది విరిగితే స్టీరింగు అదుపు తప్పవచ్చునట! ఆ సమాచారం మొదటి యజమానికి చేరి అక్కడే ఆగిపోయింది. మరమ్మతు మాత్రం ఉచితంగానే చేశారు.

వాహన తయారీదారుల సంఘం 2012లో స్వచ్ఛంద రీకాల్ నియమావళి తెచ్చింది. 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం రీకాల్‌కు ఆదేశించే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చింది. తత్సంబంధమైన నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. సంతోషమే. కాని పట్టిక అచ్చువేసినంత మాత్రాన పుస్తకం దిద్దబడదు కదా! బండి చేతులు మారి, పేరు మార్పిడి జరిగే వేళనే, మిగిలిపోయిన రీకాల్ సంగతి కొత్త యజమానికి తెలియజేయాలని నా అభిప్రాయం.

అంతవరకు, పాఠక మిత్రులారా, మీ బండి నంబరు మీరే ఒకసారి సరిచూసుకోండి. ఉచిత మరమ్మతు కంపెనీవారి దయ కాదు, మన హక్కు.