పంపే ముందే తిరుగుదారి చూడాలి



పరాయి గడ్డ మీద సైన్యాన్ని దించిన ప్రతి ప్రభుత్వానికీ ఒకనాడు ఈ ప్రశ్న తప్పదు: ఎప్పుడు వెనక్కి పిలవాలి? ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకోవద్దు. మన దేశమే శ్రీలంకలో ఈ ప్రశ్న దగ్గర నలిగిపోయింది.

1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. తమిళ మిలిటెంట్ల చేత ఆయుధాలు అప్పజెప్పించి, శాంతి నిలబెట్టటానికి మన శాంతి సేన వెళ్ళింది. అక్టోబరు నాటికే ఎల్.టి.టి.ఇ.తో యుద్ధంలో పడింది. జాఫ్నా పట్టణం చేతికి వచ్చింది గాని యుద్ధం ముగియలేదు. పోరాడేవాళ్ళు అడవుల్లోకీ ఊళ్ళలోకీ చెదిరిపోయారు. కాపాడటానికి వెళ్ళిన సైన్యాన్ని చూసి తమిళ జనమే భయపడే రోజు వచ్చింది. అటు సింహళ ప్రాంతాల్లో మన సైన్యాన్నే ఎత్తిచూపి జె.వి.పి. తిరుగుబాటు నడిపింది.

1989 జూన్ 1న కొత్త అధ్యక్షుడు ప్రేమదాస, జూలై నెలాఖరుకల్లా వెళ్ళిపొమ్మన్నాడు. తమిళులకు అధికారాలు, భద్రత దక్కకుండా రాలేమన్నది మన ప్రభుత్వం. ఏ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని వెళ్ళామో అదీ, ఎవరితో పోరాడుతున్నామో ఆ ఎల్.టి.టి.ఇ.యూ అప్పటికే కూర్చుని మాట్లాడుకుంటున్నాయి. మధ్యన తుపాకీకి ఎదురు నిలిచింది మాత్రం మన జవాను. చివరి దళం 1990 మార్చి 24న ట్రింకోమలీలో ఓడ ఎక్కింది. ఆ లోగా దాదాపు 1,200 మంది మన జవాన్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ళు రైతు బిడ్డలు, కూలి బిడ్డలు.

“మధ్యలో వచ్చేస్తే చనిపోయినవారి త్యాగం వృథా” అనేవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. పడుగు పోగు తెగితే మనం మగ్గం ఆపుతాం. ఇంతవరకు నేసింది వృథా అవుతుందని నడిపిస్తూ పోతే గుడ్డంతా పాడవుతుంది. పోయిన ప్రాణాల లెక్క చూపి మరికొన్ని ప్రాణాలు అడగటం న్యాయం కాదు.

రెండో వాదన బరువైనది. “మనం వస్తే మనల్ని నమ్మినవాళ్ళ గతి ఏమిటి?” ఇది నిజమే. మన అండతో ఏర్పడిన ఈశాన్య ప్రాంతీయ మండలి కుప్పకూలింది. దాని ముఖ్యమంత్రి వరదరాజ పెరుమాళ్ భారత్‌కు పారిపోయి వచ్చాడు. 1990 జూన్‌లో మళ్ళీ యుద్ధం రాజుకుంది. అది ముగిసింది 2009 మేలో. అయితే ఇంకో రెండేళ్ళు ఉండి ఉంటే ఇదంతా తప్పేదా? అమెరికా అఫ్ఘనిస్తాన్‌లో 20 ఏళ్ళు ఉంది. 2021 ఆగస్టులో వెళ్ళేసరికి కాబూల్ తిరిగి తాలిబాన్ చేతికే వచ్చింది.

ఈ బాధ మనకు కొత్త కాదు. 1982 జనవరి 18న బొంబాయిలో దాదాపు 2.5 లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెలోకి దిగారు. అందులో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. డిమాండ్లు న్యాయమైనవే. కాని ఎంతకు రాజీపడాలి, ఎప్పుడు విరమించాలి అన్నది తేలలేదు. ఆ సమ్మె విరమించినట్టు లాంఛనంగా ప్రకటించిందే లేదు. ఆకలికి తట్టుకోలేక ఒక్కొక్కరే గేటు దారి పట్టారు. వేలమందికి ఆ గేటే మూసుకుపోయింది. సమ్మె కార్మికుడి హక్కు, యుద్ధం వేరు. కాని అభిమన్యుడి కథ రెండింటికీ వర్తిస్తుంది. వ్యూహంలోకి వెళ్ళటం తెలిస్తే చాలదు.

అందుకే మేము అడిగేవి మూడు. ఒకటి: విదేశానికి సైన్యాన్ని పంపటానికి పార్లమెంటు ముందస్తు అనుమతి తప్పనిసరి అన్న నియమం మన రాజ్యాంగంలో లేదు. అది రావాలి. ఏ పనికి, ఎంతకాలానికి అన్నది ముందే సభలో చెప్పాలి. రెండు: ఆ దేశం పొమ్మన్నాక పరువు కోసం ఒక్కరోజు కూడా ఉండకూడదు. మూడు: వచ్చేటప్పుడు మనల్ని నమ్మినవారికి ఆశ్రయం ఇచ్చి రావాలి.

“ఎప్పుడు రావాలి?” అన్న ప్రశ్న వెళ్ళాక అడిగితే దానికి మంచి జవాబు ఉండదు. బిడ్డ పెట్టె సర్దుకునే రోజే ఆ తల్లి దాన్ని అడగాలి. ఆమె తరఫున మనమూ అడగాలి.